డైనో షీటు మీది హెచ్‌పీ ఇంజిన్‌దా, ఆపరేటర్‌దా?

డైనో అంటే బండి చక్రాలను రోలర్ల మీద తిప్పించి పవర్ ఎంతో షీటు మీద చూపే యంత్రం. "బండి డైనో మీద 142 హెచ్‌పీ కొట్టింది" అని ఎవరైనా అంటే, శభాష్ అనే ముందు నాలుగు ప్రశ్నలు అడగాలి. ఏ గేర్లో కొట్టింది? రన్, అంటే పెడల్ పూర్తిగా నొక్కి ఇంజిన్‌ను పైదాకా లాగడం, ఎన్ని సెకన్లు సాగింది? ఏ వాతావరణ కరెక్షన్ వేశారు? ఆ 142 చక్రాల దగ్గరిదా, ఇంజిన్ క్రాంక్ షాఫ్ట్ దగ్గరిదా? వీటికి జవాబు లేకపోతే ఆ అంకెతో చేసేదేమీ లేదు. ఒకే బండిని, ఒకే రోజు, ఒకే డైనో మీద పెట్టి, ఇంజిన్‌లో ఒక్క నట్టు కూడా తిప్పకుండా, పవర్‌ను 10 శాతం అటూ ఇటూ జరపొచ్చు. మోసం చేయాలని కూర్చోనక్కర్లేదు, అజాగ్రత్త చాలు. తక్కెడ ఎంత మంచిదైనా తూకం వేసేవాడి చేతివాటం ఉంటుందిగా, ఇదీ అంతే.

అసలు డైనో పవర్‌ను కొలవదు. పవర్ ఎప్పుడూ లెక్కగట్టిన అంకే. 1821లో ఫ్రెంచ్ ఇంజనీరు గాస్పార్ ద ప్రోనీ తిరిగే షాఫ్ట్‌కు బ్రేకు బిగించి, దానికో చేయి తగిలించి, ఆ చేతి చివర బరువు తూచాడు. ఇవాళ్టి ఎడ్డీ కరెంట్ డైనో చేసేదీ అదే. కాకపోతే రాపిడి బ్రేకు స్థానంలో విద్యుదయస్కాంత బ్రేకు, తూకం రాళ్ల స్థానంలో లోడ్ సెల్ (బలం కొలిచే సెన్సర్) వచ్చాయి. అది కొలిచేవి రెండే: చేయి చివర బలం, తిరిగే వేగం.

ఇనర్షియా డైనోలో ఆ బ్రేకు కూడా ఉండదు. బరువైన డ్రమ్ము, గడియారం, వేగం సెన్సర్, అంతే. ఉదాహరణకు డ్రమ్ము జడత్వం దాని అంచు దగ్గర 1000 కిలోల బరువుకు సమానం అనుకుందాం. అంచు వేగం సెకనుకు 20 మీటర్ల నుంచి 40 మీటర్లకు పెరిగితే డ్రమ్ములో చేరిన శక్తి 600 కిలోజౌళ్లు. దానికి 8 సెకన్లు పడితే సగటున 75 కిలోవాట్లు, అంటే దాదాపు 100 హెచ్‌పీ. డ్రమ్ముకు తెలిసింది ఇంతే. ఇంజిన్ ఎంత పుట్టించిందో దానికి తెలియదు, తన దాకా ఎంత వచ్చిందో మాత్రమే తెలుసు. మధ్యలో ఫ్లైవీల్, గేర్‌బాక్స్, డిఫరెన్షియల్, యాక్సిల్, టైరు ఎవరి వాటా వాళ్లు తీసుకున్నాకే మిగిలింది వస్తుంది. ఆ వాటాలు ఎంతన్నది టెస్టు చేసే పద్ధతిని బట్టి మారుతుంది. తిరకాసంతా అక్కడే.

ఫ్లైవీల్ మింగే పవర్

అన్నిటికంటే తక్కువ మంది పట్టించుకునేది, అన్నిటికంటే ఎక్కువ తేడా తెచ్చేది రన్ ఎంతసేపు సాగిందన్న సంగతి. ఇంజిన్ తన సొంత భాగాలను కూడా వేగం పెంచుకోవాలి. క్రాంక్, ఫ్లైవీల్, క్లచ్ అన్నీ కలిపి జడత్వం 0.2 కిలోగ్రామ్-మీటర్ స్క్వేర్ అనుకోండి. 2000 ఆర్‌పీఎం నుంచి 6000 దాకా 10 సెకన్లలో లాగితే, 6000 దగ్గర ఆ భాగాలను తిప్పి వేగం పెంచడానికే 5.3 కిలోవాట్లు పోతాయి. అంటే 7 హెచ్‌పీ. అదే రన్ 5 సెకన్లలో అయిపోతే 14 హెచ్‌పీ పోతుంది. 20 సెకన్లకు సాగదీస్తే మూడున్నరతో సరి. ఇంజిన్ అదే, పెట్రోలు అదే. షీటు మీద మాత్రం పదిన్నర హెచ్‌పీ తేడా.

గేరు ఎంపిక ముఖ్యమైంది కూడా ఇందుకే. ఇనర్షియా డైనో మీద మూడో గేర్లో రన్ త్వరగా అయిపోతుంది, ఇంజిన్ వేగంగా ఎక్కుతుంది, కాబట్టి దాని సొంత జడత్వానికే ఎక్కువ పవర్ పోయి షీటు మీద తక్కువ కనిపిస్తుంది. నాలుగో గేర్లో అదే బండి ఎక్కువ చూపిస్తుంది. 1:1కి దగ్గరగా ఉండే గేరు వాడమనే ఆనవాయితీకి మూలం వెనక చక్రాలు లాగే బండ్ల గేర్‌బాక్స్. అందులో డైరెక్ట్ గేరు పడినప్పుడు పక్కనుండే లేషాఫ్ట్ గేరు పళ్ల మీదుగా టార్క్ (తిప్పే బలం) పోదు, నష్టం తగ్గుతుంది. ముందు చక్రాల బండ్లలో చాలావాటికి ఆ సౌకర్యమే లేదు, ప్రతి గేర్లోనూ టార్క్ పళ్ల మీదుగానే పోవాలి. వాటిలోనూ 1:1 దగ్గరి గేరే వాడటం మంచిది. అది పవిత్రమైన గేరని కాదు, ప్రతిసారీ ఒకే గేరు వాడితే రన్‌లను పోల్చడానికి వీలుంటుందని. ఆ గేర్లో రెడ్‌లైన్ (ఇంజిన్ గరిష్ఠ వేగ హద్దు) దగ్గర రోలర్ వేగం టైరుకు రాసిన వేగ పరిమితి దాటుతుందేమో ముందే లెక్క చూసుకోవాలి. దాటేటట్టుంటే ఒక గేరు తగ్గించి, ఆ మాట షీటు మీద రాయాలి.

బ్రేకు ఉన్న డైనోలో రన్ నిడివి ఆపరేటర్ చేతిలో ఉంటుంది. సెకనుకు ఇన్ని ఆర్‌పీఎం చొప్పున ఎక్కాలని అమరుస్తాడు, మిగతా భారం బ్రేకు మోస్తుంది. ఇక్కడ ఇంకో మెలిక ఉంది. రోలర్లకూ సొంత జడత్వం ఉంటుంది కాబట్టి, వాటి వేగం పెంచడానికి పోయిన పవర్‌ను సాఫ్ట్‌వేర్ లెక్కలో కలుపుతుంది. కొన్ని సాఫ్ట్‌వేర్లు బండి భాగాల జడత్వాన్ని కూడా కలుపుతాయి. ఆ విలువ తప్పుగా ఇస్తే తప్పంతా ఆర్‌పీఎం ఎక్కే వేగం వెంట నడుస్తుంది. పట్టుకోవడం సులువే. ఒకే బండిని ఒకసారి 6 సెకన్లలో, ఒకసారి 15 సెకన్లలో లాగండి. వేగంగా లాగినప్పుడు పవర్ ఎక్కువ చూపిస్తే సాఫ్ట్‌వేర్‌లో జడత్వం అవసరానికి మించి కలుస్తోందన్నమాట. కస్టమర్‌కు నచ్చేది ఆ అంకే కాబట్టి దాన్ని సరిచేయడానికి తొందర ఎవరికీ ఉండదు.

అలాగని ఎంత నెమ్మదిగా లాగితే అంత నిజమని కూడా అనలేం. టర్బో బండి అయితే కథ తిరగబడుతుంది. తేలిక డ్రమ్ము మీద రన్ గబగబా అయిపోతే కింది ఆర్‌పీఎంలలో టర్బో పూర్తి బూస్ట్ (ఇంజిన్‌లోకి నెట్టే గాలి ఒత్తిడి) అందుకోకముందే ఇంజిన్ పైకి వెళ్లిపోతుంది, టార్క్ కర్వు మొదటి భాగం బక్కచిక్కి కనిపిస్తుంది. రన్‌ను 25 సెకన్లకు సాగదీస్తే బూస్ట్ నిండుగా వస్తుంది కానీ ఆ గాలిని చల్లార్చే ఇంటర్‌కూలర్ వేడెక్కుతుంది, లోపలికి పోయే గాలి వేడెక్కుతుంది, ఈసీయూ (ఇంజిన్ కంప్యూటర్) స్పార్క్ టైమింగ్ వెనక్కి లాగుతుంది, పై ఆర్‌పీఎంలలో పవర్ జారిపోతుంది. మామూలు పెట్రోలు ఇంజిన్లకు 8 నుంచి 12 సెకన్ల రన్ నా లెక్కన సరైన మధ్యేమార్గం. టర్బో వాటికి ఆ బండి రోడ్డు మీద అదే గేర్లో ఎంతసేపట్లో ఎక్కుతుందో చూసి దానికి దగ్గరగా పెట్టడం న్యాయం.

టైరు, స్ట్రాప్, రోలరు

బండిని రోలర్ల మీద కట్టడం మోటు పనిలా కనిపిస్తుంది గానీ, షీటు అంకె సగం తయారయ్యేది అక్కడే. స్ట్రాప్‌ను నిలువుగా కిందికి లాగి రాట్చెట్ బిగించేకొద్దీ టైరు రోలర్ మీద నలుగుతుంది. నలిగిన టైరు తిరిగినప్పుడల్లా వంగి లేస్తూ వేడి పుట్టిస్తుంది. ఆ వేడంతా ఇంజిన్ జేబులోంచి పోయిన పవరే. రెండు చిన్న రోలర్ల మధ్య టైరు కూర్చునే డైనోలో టైరు ఒక చుట్టులో రెండు చోట్ల, అదీ చిన్న వంపు మీద వంగాలి. పెద్ద ఒంటి డ్రమ్ము మీద కంటే నష్టం ఎక్కువ. ఒక డైనో అంకెను ఇంకో డైనో అంకెతో పోల్చడం తప్పనడానికి ఇదొక్కటే చాలు. చక్రాలు విప్పి నేరుగా హబ్‌కే తగిలించే డైనోలో టైరు గొడవే ఉండదు, కాబట్టి అక్కడ అంకె సహజంగానే పైన ఉంటుంది. బండి బాగుపడిందని కాదు.

స్ట్రాప్ పని బండిని నిలబెట్టడం, నొక్కడం కాదు. వీలైనంత అడ్డంగా, ముందుకీ వెనక్కీ సమానంగా లాగి కట్టాలి. ముందు చక్రాల బండి రోలర్ మీద పక్కలకు కొట్టుకుంటుంది కాబట్టి రెండు పక్కలకూ కట్టు తప్పనిసరి. మొదటి రన్ తర్వాత స్ట్రాప్ వదులవుతుంది. దాన్ని మళ్లీ "ఇంకాస్త" బిగిస్తే రెండో రన్ వేరే టెస్టు అయిపోతుంది. ఎన్ని క్లిక్కులు బిగించామో లెక్క పెట్టుకోవడం చాదస్తమేమీ కాదు. మోటార్‌సైకిల్ అయితే వెనక సస్పెన్షన్ దిగేలా కట్టినప్పుడు స్వింగ్ ఆర్మ్ కోణం మారి చైను బిగుసుకుంటుంది, అదీ పవర్ తింటుంది. కట్టాక చైను వదులు మళ్లీ చూడాలి.

టైర్లలో గాలి సంగతి చెప్పనక్కర్లేదు. ప్రతిసారీ ఒకే ప్రెషర్, గేజీ పెట్టి చూసి. ట్రెడ్‌లో ఇరుక్కున్న రాళ్లు తీయాలి, అది మనుషుల క్షేమం కోసం.

రోలర్ మీద టైరు జారితే 3 శాతం జారినా 3 శాతం పవర్ అక్కడే వేడిగా మారిపోతుంది. పైగా ఆర్‌పీఎంను రోలర్ వేగం నుంచి లెక్కగట్టే సెట్టింగ్ ఉంటే టార్క్ కర్వు ఆకారం కూడా చెడుతుంది. ఇంజిన్ ఆర్‌పీఎంకూ రోలర్ వేగానికీ నిష్పత్తి గీసి చూస్తే విషయం బయటపడుతుంది. గేరు మారకుండా, క్లచ్ జారకుండా ఉంటే ఆ గీత రన్ మొత్తం దాదాపు అడ్డంగా ఉండాలి. టార్క్ గరిష్ఠంగా ఉన్నచోట ఉబ్బితే టైరో, క్లచ్చో జారుతున్నట్టే. ఆటోమేటిక్ బండిలో అదే ఉబ్బు కనిపిస్తే టార్క్ కన్వర్టర్ (క్లచ్ స్థానంలో ద్రవంతో పవర్ అందించే భాగం) లాక్ విడిపోయిందని అనుమానించాలి. లాక్ విడిపోయినప్పుడు కన్వర్టర్ టార్క్‌ను పెంచి చూపిస్తుంది, షీటు మీద అబ్బురపరిచే శిఖరం మొలుస్తుంది. అది ఇంజిన్ ప్రతిభ కాదు. మాన్యువల్ మోడ్‌లో పెట్టి, లాక్ పడ్డాకే పెడల్ పూర్తిగా నొక్కాలి. కిక్‌డౌన్ స్విచ్ తగిలి గేరు దిగకుండా చూసుకోవాలి.

వాతావరణం పేరుతో గారడీ

చల్లని గాలి చిక్కగా ఉంటుంది, వేడి గాలి పలచగా ఉంటుంది. కాబట్టి వేర్వేరు రోజుల రన్‌లను ఒక ప్రామాణిక వాతావరణానికి మార్చడానికే కరెక్షన్ ఫ్యాక్టర్. ఆలోచన మంచిదే. కానీ ప్రమాణం ఒక్కటి కాదు. అమెరికా ఇంజనీర్ల సంస్థ ఎస్‌ఏఈ పెట్టిన జే1349 ప్రకారం 25 డిగ్రీలు, 99 కిలోపాస్కల్ పొడి గాలి. పాత జే607, సాఫ్ట్‌వేర్ మెనూలో "ఎస్‌టీడీ" అని కనిపించేది, 15.6 డిగ్రీలు, 101.3 కిలోపాస్కల్ తీసుకుంటుంది. జర్మన్ ప్రమాణం డిన్ 70020 అయితే 20 డిగ్రీలు, 101.3. ఎస్‌ఏఈ నుంచి ఎస్‌టీడీకి మెనూ మార్చితే పవర్ దాదాపు 4 శాతం పెరుగుతుంది. మౌస్ క్లిక్కుతో వచ్చే ఈ 4 శాతానికి ఎయిర్ ఫిల్టర్లు అమ్మేవాళ్లు ఎంతో రుణపడి ఉన్నారు.

ప్రమాణం సరైనదే ఎంచుకున్నా సెన్సర్ ఎక్కడ పెట్టారన్నది చూడాలి. పెట్రోలు ఇంజిన్‌కు జే1349 సూత్రంలో 1.18ని ముందు పీడన నిష్పత్తితో, తర్వాత ఉష్ణోగ్రత నిష్పత్తి వర్గమూలంతో గుణించి 0.18 తీసేస్తారు. పీడనం 99 దగ్గరే ఉందనుకుందాం. ఇంజిన్ నిజంగా పీల్చే గాలి 30 డిగ్రీలుంటే ఫ్యాక్టర్ 1.010. సెన్సర్‌ను ఎగ్జాస్ట్ దగ్గరో రేడియేటర్ వెనకో వేలాడదీస్తే అది 50 డిగ్రీలు చదువుతుంది, ఫ్యాక్టర్ 1.048 అవుతుంది. 100 హెచ్‌పీ రన్ మీద దాదాపు 4 హెచ్‌పీ ఊరికే వచ్చిపడింది. సెన్సర్ ఉండాల్సింది బండి గాలి పీల్చే మూతి దగ్గర, వేడి తగలని చోట.

బారోమీటర్ విషయంలో ఇంకా పెద్ద తప్పు జరుగుతుంది. సెన్సర్ చెడిపోయిందని ఎవరో వాతావరణ వార్తలో చూసి 1013 మిల్లీబార్లు అని టైపు చేస్తారు. వార్తలో చెప్పేది సముద్రమట్టానికి మార్చిన పీడనం. సముద్రమట్టానికి 500 మీటర్ల ఎత్తున ఉన్న చోట గాలి పీడనం నిజానికి 955 దగ్గర ఉంటుంది. 25 డిగ్రీల పొడి గాలికి 955తో ఫ్యాక్టర్ 1.043, 1013తో 0.973. ఏడు శాతం తేడా, ఈసారి బండికి నష్టంగా. ఇక తేమ. 35 డిగ్రీల వేడిలో 60 శాతం తేమ ఉంటే నీటి ఆవిరే సుమారు 3.4 కిలోపాస్కల్ ఆక్రమిస్తుంది. సూత్రం అడిగేది పొడి గాలి పీడనం కాబట్టి దాన్ని తీసేయాలి.

ఫ్యాక్టర్ 0.93 నుంచి 1.07 మధ్య ఉన్నంతవరకే సూత్రాన్ని నమ్మాలని ఐఎస్ఓ 1585 లాంటి ప్రమాణాలే హద్దు గీశాయి. వెయ్యి మీటర్ల ఎత్తులో జే1349 సూత్రం 1.12 దాకా ఇస్తుంది. ఆ అంకె వేసిన షీటు చూస్తే పవర్ చదవకుండానే పక్కన పెట్టేయొచ్చు. టర్బో బండికైతే అది ఇంకా అన్యాయం. బయట పీడనం తగ్గినా ఈసీయూ టర్బోను ఇంకాస్త తిప్పి మానిఫోల్డ్‌లో అనుకున్న పీడనం తెచ్చుకుంటుంది. పోని పవర్‌ను మళ్లీ కలిపితే లేని హెచ్‌పీ పుడుతుంది. డీజిల్‌కు సూత్రమే వేరు. పెట్రోలు సూత్రం దానికి తగిలించకూడదు.

నా మాట ఏమిటంటే, షీటు మీద కరెక్షన్ వేయని అంకె, ఫ్యాక్టర్, ఉష్ణోగ్రత, పీడనం, తేమ ఐదూ ఉండాలి. అవి ఇవ్వడానికి నసిగే చోట డబ్బు ఇవ్వడానికి మనమూ నసగొచ్చు.

చక్రం నుంచి క్రాంక్‌కు

కంపెనీ చెప్పేది క్రాంక్ దగ్గరి పవర్, రోలర్ చూపేది చక్రం దగ్గరిది. ఈ మధ్య దూరం దాటడానికి జనం వాడే వంతెన "15 శాతం నష్టం". 100 వస్తే 0.85తో భాగించి 118 అనేస్తారు. బండిని ట్యూన్ చేశాక చక్రం దగ్గర 150 వచ్చిందనుకోండి. అదే లెక్కన క్రాంక్ దగ్గర 176. అంటే ముందు 18 హెచ్‌పీ మింగిన గేర్‌బాక్స్, టైర్లు ఇప్పుడు 26 మింగుతున్నాయట. గేరు పళ్ల రాపిడి భారంతోపాటు పెరుగుతుంది, నిజమే. కానీ నూనె చిలకడం, బేరింగులు, టైరు వంగడం ప్రధానంగా వేగాన్ని బట్టి ఉంటాయి. ఇంజిన్ బలం చూసి భయపడి అవి ఎక్కువ తినవు.

దీనికంటే మెరుగైనది కోస్ట్‌డౌన్. రెడ్‌లైన్ దగ్గర క్లచ్ నొక్కి, గేరు అలాగే ఉంచి, రోలర్లను వాటంతటవే ఆగనిస్తే అవి నెమ్మదించే తీరు నుంచి నష్టం లెక్క తేలుతుంది. ఇది భారం లేనప్పటి నష్టమే కాబట్టి అసలు నష్టం కంటే కాస్త తక్కువే చెబుతుంది. ఒకసారి క్లచ్ నొక్కి, ఇంకోసారి న్యూట్రల్ చేసి కొలిస్తే ఆ రెండూ ఒకటి కావు, తిరిగే భాగాలు మారిపోతాయి. ఇక చేతివాటం, కాదు, కాలివాటం: కోస్ట్‌డౌన్ జరుగుతుండగా బ్రేకు పెడల్ మీద బొటనవేలు ఆనిస్తే చాలు. నష్టం 18 కాస్తా 25 అవుతుంది, క్రాంక్ పవర్ 118 కాస్తా 125 అవుతుంది. చక్రం పవర్ మారదు కాబట్టి ఎవరికీ అనుమానం రాదు. అందుకే రెండు షీట్లు పోల్చేటప్పుడు నష్టం గీతలను ఒకదాని మీద ఒకటి పెట్టి చూడాలి. ట్యూనింగ్‌కు ముందూ తర్వాతా అవి కలవకపోతే ఎక్కడో పాదమో, స్ట్రాపో, టైరో మారింది.

షీటులో లెక్క పొసగిందో లేదో కూడా చూడొచ్చు. హెచ్‌పీ అంటే న్యూటన్ మీటర్లను ఆర్‌పీఎంతో గుణించి 7121తో భాగించినది. 4000 దగ్గర 200 న్యూటన్ మీటర్లుంటే 112 హెచ్‌పీ ఉండి తీరాలి. లేకపోతే ఆ మూడు అంకెల్లో ఏదో తప్పు. లెక్క పొసగినా ఆర్‌పీఎం తప్పై ఉండొచ్చు. ప్లగ్ వైరుకు తగిలించే పికప్ వేస్టెడ్ స్పార్క్ (ప్లగ్ అవసరానికి రెట్టింపు సార్లు మెరిసే) ఇంజిన్ మీద రెట్టింపు చదవడం మామూలే. రోలర్ నుంచి వచ్చే పవర్ దీనికి చెడదు, టార్క్ మాత్రం సగానికి పడిపోతుంది. మన దగ్గర వాడే హెచ్‌పీ, కంపెనీ బ్రోషర్‌లో ఉండే పీఎస్ (మెట్రిక్ హార్స్‌పవర్) ఒకటి కావన్నది మరో చిన్న చిక్కు: 100 పీఎస్ అంటే 98.6 హెచ్‌పీ.

గాలి, వేడి, ఈసీయూ

రోడ్డు మీద 150 వేగంలో రేడియేటర్‌కు తగిలే గాలిని ఓ మూల నిలబెట్టిన పెడస్టల్ ఫ్యాన్ ఇవ్వలేదు. ఇంటర్‌కూలర్ ఎక్కడుందో చూసి ఫ్యాన్‌ను దానికి ఎదురుగా పెట్టాలి. బానెట్ తెరిచి ఉంచితే కొన్ని బండ్లలో ఇంజిన్ చల్లటి గాలి పీలుస్తుంది, కొన్నిటిలో రేడియేటర్ వెనకాలి వేడి గాలి పీలుస్తుంది. తెరిచినా మూసినా అన్ని రన్‌లకూ ఒకేలా ఉంచడమే పద్ధతి. మొదటి రన్ సాధారణంగా తక్కువ చూపిస్తుంది, ఎందుకంటే కూలెంట్ ముల్లు మధ్యకొచ్చినా ఇంజిన్ ఆయిల్, గేర్ ఆయిల్, టైర్లు ఇంకా చల్లగానే ఉంటాయి. నాలుగైదు రన్‌లు ఆపకుండా చేస్తే ఇన్‌టేక్ వేడెక్కి మళ్లీ పడిపోతుంది. "ముందు" రన్‌ను చల్లటి గేర్‌బాక్స్‌తో తీసి, "తర్వాత" రన్‌ను వేడెక్కినప్పుడు తీస్తే ఏ పార్టు బిగించినా పని చేసినట్టే కనిపిస్తుంది.

రెండు చక్రాలే తిరుగుతూ మిగతా రెండూ ఆగి ఉంటే ఈఎస్‌పీకి (బండి అదుపు తప్పకుండా చూసే వ్యవస్థకు) ఇది ప్రమాదంలా తోచి టార్క్ కోసేస్తుంది. కంపెనీ ఇచ్చిన డైనో మోడ్ ఉంటే వాడాలి, ట్రాక్షన్ కంట్రోల్ బటన్ నొక్కినంత మాత్రాన అన్ని బండ్లలోనూ పూర్తిగా పోదు. బ్యాటరీ తీసి పెట్టినా, ఆక్టేన్ వేరుగా ఉన్న పెట్రోలు పోయించినా, ఈసీయూ నేర్చుకున్నది మారిపోయి ఉంటుంది. డైనో ఎక్కించే ముందు కొంత దూరం నడిపి దాన్ని కుదుటపడనివ్వాలి.

ఇంతా చేసి ఒక పార్టు పని చేసిందో లేదో తేల్చాలంటే వరస ఇలా ఉండాలి. లోడ్ సెల్ ఉన్న డైనో అయితే ముందుగా దాన్ని పరీక్షించాలి: అర మీటరు చేయికి 20 కిలోల బరువు వేలాడదీస్తే 98.1 న్యూటన్ మీటర్లు చూపాలి, బరువు తీస్తే సున్నాకు రావాలి. బండిని ఆయిల్ 90 డిగ్రీలకు వచ్చేదాకా తక్కువ భారంతో రోలర్ల మీదే నడపాలి. పాత పార్టుతో మూడు రన్‌లు, ప్రతి రన్‌కూ ఇన్‌టేక్ ఉష్ణోగ్రత ఒకే అంకెకు దిగాకే మొదలు. మూడూ ఒక శాతం లోపల కలవకపోతే కొత్త పార్టు జోలికి పోకుండా ఎందుకు కలవట్లేదో వెతకాలి. కలిశాక కొత్త పార్టు బిగించి మూడు. తర్వాత, చాలామంది ఎగ్గొట్టేది ఇదే, పాత పార్టు మళ్లీ బిగించి ఇంకో మూడు. స్ట్రాప్ విప్పకుండా, బండి కదపకుండా. గ్రాఫులో స్మూతింగ్ (గీతను నునుపు చేసే సెట్టింగ్) అన్నిటికీ ఒకటే ఉంచాలి. స్మూతింగ్ తీసేసి ఒక్క మిట్ట చివర కనిపించే అంకెను గరిష్ఠం అనకూడదు. నిలువు గీత సున్నా నుంచి మొదలైందో లేదో కూడా చూడండి, 90 దగ్గర మొదలుపెడితే 3 హెచ్‌పీ కొండంత కనిపిస్తుంది.

పాత పార్టు మళ్లీ పెట్టాక పవర్ మొదటి అంకెకు తిరిగి రాకపోతే, కొత్త పార్టు ఇచ్చిందనుకున్న ఆ 3 హెచ్‌పీ గేర్ ఆయిల్ వేడిదో, టైరు వేడిదో.